పోస్టాఫీసు మీది కోర్టు

హాజెల్ ఫోర్క్‌లో కేంద్ర ప్రభుత్వం నడిపే ఫెడరల్ కోర్టు ఎక్కడని అడిగితే జనం పోస్టాఫీసు చూపిస్తారు. కింద ఉత్తరాలు, పైన న్యాయం, మధ్యలో నిటారుగా ఇనుప మెట్లు. లెక్సింగ్టన్ నగరం నుంచి వచ్చే లాయర్లు పైకి చేరేసరికి రొప్పుతుంటారు. మా కొండవాళ్ళు మాత్రం కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేస్తారు. ఓపల్ హాల్కమ్ జడ్జిగా ఆ మెట్లెక్కే నాటికి పై గదికి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే. నగరం జడ్జి మూడు నెలలకోసారి వచ్చేవాడు, చిన్నాచితకా కేసులు నాలుగు చూసేవాడు, కొండదారి మలుపులకు కడుపులో తిప్పుతోందని పెందలాడే వెళ్ళిపోయేవాడు.

పెద్ద కేసులు ఆ మెట్లెక్కేవే కావు. బొగ్గు కంపెనీ మీద కేసైతే మరీను. కొండవాళ్ళకు కంపెనీ అంటే కక్ష, తీర్పు చెప్పడానికి ఇక్కడి మనుషుల్లో నిష్పక్షపాతమైన జ్యూరీ దొరకదు అని కంపెనీ లాయరు ఒక అర్జీ పడేసేవాడు. జడ్జి సరేననేవాడు. కేసు మూటాముల్లె సర్దుకుని లెక్సింగ్టన్ పోయేది. నీ నేల మీద జరిగినదానికి తీర్పు చెప్పడానికి నువ్వు పనికిరావు అని ఒక మనిషితో అంటే అతనికెలా ఉంటుందో ఆ అర్జీలు రాసినవాళ్ళెవరూ ఆలోచించలేదు. మాకైతే ఒళ్ళు మండేది.

ఓపల్‌కు ఆ మంట చిన్నప్పుడే అంటుకుంది. ఆమె తండ్రి హార్లన్, బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని చేసేవాడు. ఒకరోజు బోల్టు యంత్రం విరిగి అతని భుజం నలిగిపోయింది. యంత్రం తయారుచేసిన కంపెనీ మీద వేసిన కేసు లెక్సింగ్టన్‌లో విచారణకొచ్చింది. పిల్లను ఎవరి దగ్గర వదలాలో తోచక తల్లి ఐవా ఆమెను కూడా బస్సెక్కించింది. హార్లన్ సాక్షి కుర్చీలో కూర్చుని, గని పైకప్పు మాట్లాడుతుందనీ, కూలే ముందు కటకటమని చెబుతుందనీ, అది విని పక్కకు తప్పుకుంటామనీ, ఆరోజు యంత్రం చప్పుడు తేడాగా ఉండి ఆ మాట వినబడలేదనీ చెప్పాడు. జ్యూరీలో ఇద్దరు ముసిముసిగా నవ్వుకున్నారు. కేసు పోయింది.

తిరుగు బస్సులో పిల్ల ఊరుకోలేదు.

"వాళ్ళెందుకు నవ్వారు నాన్నా?"

"చెడ్డోళ్ళేం కాదమ్మా. గని పైకప్పు కింద ఎప్పుడూ నిలబళ్ళేదు. అంతే."

"మరి నిలబడ్డోళ్ళని కూర్చోబెట్టొచ్చుగా?"

హార్లన్ కిటికీ వైపు తిరిగి నలిగిన భుజం సర్దుకున్నాడు. ఐవా మాత్రం, "ఆ ప్రశ్న మీ నాన్ననడిగితే ఏం లాభమే, అడగాల్సినోళ్ళని అడుగు," అంది.

అడగాల్సినవాళ్ళ దాకా వెళ్ళడానికి ఓపల్‌కు చాలా ఏళ్ళు పట్టింది. కాలేజీ చదువు, కొన్నేళ్ళు బడిపంతులమ్మ ఉద్యోగం, ఆ తర్వాత లా. పట్టా తీసుకుని లెక్సింగ్టన్‌లో ఉండిపోకుండా హాజెల్ ఫోర్క్‌కే వచ్చి, హార్డ్‌వేరు దుకాణం మేడ మీద బోర్డు కట్టింది. గని కార్మికుల ఊపిరితిత్తుల కేసులు, సరిహద్దు తగాదాలు, విడాకులు, ఒకసారి దొంగిలించిన వేటకుక్క కేసు కూడా వాదించింది. కుక్క కేసు గెలిచాకే ఊళ్ళో ఆమెకు నిజమైన పేరొచ్చిందని ఇప్పటికీ అంటారు. తర్వాత జిల్లాలో రాష్ట్ర కోర్టు జడ్జిగా ఎన్నికైంది. ముక్కు మీద కోపం, మొహమాటం లేని నోరు. అయినా ఆమె దగ్గర ఓడినవాడు కూడా నా మాట పూర్తిగా విన్నది అని చెప్పుకునేవాడు. కొన్నేళ్ళకు ఫెడరల్ జడ్జి పదవికి ఆమె పేరును ప్రెసిడెంటు సెనేటు ఆమోదానికి పంపించాడు.

వాషింగ్టన్‌లో సెనేటర్ల ఎదుట విచారణ జరిగిన రోజు హాజెల్ ఫోర్క్‌లో బార్బరు షాపు కూడా మూసేసి టీవీల ముందు కూర్చున్నారు. ఒక సెనేటరు కళ్ళజోడు దించి అడిగాడు.

"మీరు గని కార్మికుడి కూతురు. బొగ్గు కంపెనీలకు మీ కోర్టులో న్యాయం జరుగుతుందని మేమెలా నమ్మాలి?"

"మా ఇంట్లో పొయ్యి బొగ్గుతో మండేది, దీపం బొగ్గుతో వెలిగేది, నా చదువూ బొగ్గు జీతంతోనే నడిచింది," అంది ఓపల్. "బొగ్గు మీద నాకేం కోపం లేదు సార్. నా కోపమంతా అబద్ధం మీదే. అది ఏ పక్షం చెప్పినా సరే."

బార్బరు షాపు యజమాని సంతోషంతో అరిచిన అరుపుకు కుక్కలు మొరిగాయని చెబుతారు. ప్రమాణ స్వీకారం నాడు ఇనుప మెట్ల మీద చోటు లేక జనం వీధిలో నిలబడ్డారు. నల్ల గౌను తొడగాల్సింది ఇంటివాళ్ళు. హార్లన్ అప్పటికి లేడు. ఎనభై దాటిన ఐవా కూతురికి గౌను తొడిగి, గుండీ పెడుతూ చెవిలో అడిగింది.

"ఇంక నిన్నెవరూ తీసెయ్యలేరటగా, బతికున్నంతకాలం?"

"తప్పుచేస్తే తప్ప తీసెయ్యలేరమ్మా."

"అయితే మరీ జాగ్రత్త. ఇకనించి నీకు బుద్ధి నువ్వే చెప్పుకోవాలి," అంది ఐవా.

ఓపల్ మొదట చేసిన పని పై గది తాళం తీయించి, లెక్సింగ్టన్‌కు మారకుండా అక్కడే బైఠాయించడం. నగరంలోని తోటి జడ్జీలు ఆటపట్టించారు. ఆమె చెవిన వేసుకోలేదు. జ్యూరీ లోపలికి వస్తుంటే తను లేచి నిలబడేది. లాయరు జ్యూరర్ల మీద విసుగు చూపిస్తే మాత్రం ఇక వాడి పని అయిపోయినట్టే. అయినా బొగ్గు కేసులు పైకి రాకుండానే కొన్నేళ్ళు గడిచాయి. కంపెనీలు బయట బయటే రాజీ చేసుకునేవి. కొండ జ్యూరీ పెద్ద కేసులో నిలబడుతుందా లేదా అన్నది ఎవరికీ తెలియకుండానే ఉండిపోయింది.

అప్పుడొచ్చింది డీటన్ లోయ కేసు. టల్లీ రిడ్జ్ కంపెనీ బొగ్గు కడిగిన నల్లనీళ్ళను లోయ ఎగువన కట్ట వేసి నిలవ చేసేది. ఒక వసంతంలో వాన పడి ఆ కట్ట తెగింది. నల్లటి బురద ఇళ్ళ కిటికీల దాకా వచ్చింది. బావులన్నీ పాడయ్యాయి, లోయ దారి కోసుకుపోయింది. మనుషులు ప్రాణాలతో గట్టెక్కడమే అదృష్టం. లోయలోని కుటుంబాలు కేసు వేశాయి. కంపెనీ వేరే రాష్ట్రానిది, పెన్సిల్వేనియాది కాబట్టి కేసు ఫెడరల్ కోర్టుకు, అంటే ఓపల్ దగ్గరికి వచ్చింది.

కంపెనీ తరపున లెక్సింగ్టన్ నుంచి విట్‌ఫీల్డ్ క్రేన్ వచ్చాడు. వెండి జుట్టు, మెత్తటి గొంతు, ఎప్పుడూ చెరగని చిరునవ్వు. ఊహించినట్టే విచారణ లెక్సింగ్టన్‌కు మార్చమని అర్జీ పెట్టాడు. ఓపల్ తోసిపుచ్చింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తోసిపుచ్చింది. రెండోసారి ఆమె అన్న మాట ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు.

"క్రేన్ గారూ, దెబ్బ కొండ మీద పడిందని కొండవాణ్ణి కోర్టు నించి బయటికి పంపలేను. వాడు న్యాయంగా ఉండలేడంటే, ఉండలేడని నా కళ్ళముందు రుజువు చెయ్యండి."

రుజువు చెయ్యండి అంటే, చేస్తారు కదా. ఆ మాటతో ఆమె తన పరువును, కొండ జ్యూరీ పరువును ఒకే తాడుకు కట్టింది. ఈ కేసు ఇక్కడ చెడితే మళ్ళీ ఏ బొగ్గు కేసూ ఆ మెట్లెక్కదు. డీటన్ లోయ ముసలివాళ్ళు ఇంకో విచారణ దాకా ఉంటారన్న భరోసా కూడా లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, క్రేన్‌కు ఇంకా బాగా తెలుసు.

ఎనిమిది మందిని జ్యూరీగా ఎంచారు. వారాలు గడిచేకొద్దీ ఒకాయనకు గుండెనొప్పి వచ్చింది, ఒకావిడ కూతురికి నెలలు నిండకుండానే కాన్పయింది. ఇద్దరినీ పంపించక తప్పలేదు. ఆరుగురు మిగిలారు. ఇంకొక్కరు తగ్గితే, రెండు పక్షాలూ ఒప్పుకుంటే తప్ప ఆ జ్యూరీ తీర్పు చెల్లదు. క్రేన్ ఒప్పుకునే రకం కాదు.

ప్రతి సాయంత్రం ఓపల్ జ్యూరీకి అదే పాఠం చెప్పేది. కేసులో ఉన్నవాళ్ళతో మాట్లాడొద్దు. వాళ్ళ బండెక్కొద్దు. పేపరు చదవొద్దు, టీవీ చూడొద్దు. వాగు ఎలా ఉందో చూద్దామని లోయకు వెళ్ళొద్దు. ఆరుగురూ తలలూపేవారు.

కేసు వేసినవాళ్ళలో అందరికంటే పెద్ద ఎల్బర్ట్ డీటన్. అతను తన వాఙ్మూలం ఇచ్చాడు. పాడైపోయిన బావి తన తాత తవ్వినదని రెండుసార్లు చెప్పాడు. ఆ వారమే శనివారం పొద్దున ఇంట్లోనే, కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ కబురు ఓపల్ చెవిన పడింది. వెంటనే లేచి వంటింట్లోకి వెళ్ళి, కోడి పులుసులో వేసే డంప్లింగు ఉండల కోసం పిండి తీసి గిన్నెలో పోసింది. కోడిని ఉడకపెట్టడానికి నీళ్ళు పెట్టింది. మా దగ్గర చావు కబురు వింటే ఏం చేయాలని ఎవరూ ఆలోచించరు. చేతులు వాటంతటవే పొయ్యి వైపు వెళతాయి. చచ్చినవాడు దగ్గరి బంధువా, పోట్లాడుకున్న పొరుగువాడా అన్న లెక్కే లేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి తిండి వెళుతుంది, అంతే.

పిండిలో వెన్న వేసి వేళ్ళతో కలుపుతుండగా ఓపల్ చేతులు ఆగిపోయాయి. నేను ఈ కేసులో జడ్జిని, అనుకుంది. పొయ్యి ఆర్పింది. ఆ మరుక్షణమే ఇంకొకటి తట్టింది. తన చేతులు ఇలా వెళ్ళాయంటే, ఆ ఆరుగురి చేతులు?

"అయ్యో దేవుడా," అంది పైకే. ఆదివారం మధ్యాహ్నం అయిపోయింది. జ్యూరర్ల ఇళ్ళకు జడ్జి ఫోను చెయ్యకూడదు. పిండి చేతులతోనే కుర్చీలో కూలబడింది.

సోమవారం పొద్దున జ్యూరీని లోపలికి పిలవక ముందే క్రేన్ లేచాడు. చేతిలో ఒక ఫోటో. ఆదివారం రాత్రి కంపెనీ తరపున చర్చిలో నివాళులు అర్పించడానికి వెళ్ళిన మనిషి, డీటన్ వాళ్ళు ఇంటి నుంచి తెచ్చి అక్కడి బల్ల మీద పెట్టిన గిన్నెలు చూశాడట. మా ఆడవాళ్ళు గిన్నె తిరిగి రావాలని అడుగున తెల్ల టేపు అతికించి పేరు రాస్తారు. బీన్స్ ఖాళీ అయిన ఒక పెద్ద గిన్నెను ఎవరో బోర్లించారు. అడుగున టేపు మీద జ్యువెల్ నోబుల్ అని ఉంది. జ్యువెల్ నోబుల్ స్కూలు బస్సు నడిపే ఆవిడ. మూడో కుర్చీలో కూర్చునే జ్యూరరు.

"యువర్ ఆనర్, తీర్పు చెప్పాల్సిన మనిషి వాది ఇంటికి విందు పంపింది," అన్నాడు క్రేన్, చిరునవ్వు చెరగకుండానే. "ఇంతకంటే రుజువేం కావాలి? విచారణ రద్దు చెయ్యమని కోరుతున్నాను. తర్వాత లెక్సింగ్టన్‌లో మళ్ళీ మొదలుపెట్టమని కూడా."

లోయవాళ్ళ లాయరు రోనీ ప్రాటర్ మొహం పాలిపోయింది. అతనూ కొండవాడే. ఫోటో చేతిలోకి తీసుకుని టేపు మీది పేరు మళ్ళీ చదివాడు. ఓపల్ పావుగంట విరామం ఇచ్చి తన గదిలోకి వెళ్ళింది.

ఆమె కార్యదర్శి నెడ్రా చదును నేల మనిషి, గుర్రాల పెంపకందార్ల ఇంటి పిల్ల. చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నా కొండ పద్ధతులు కొన్ని ఆమెకు మింగుడు పడవు.

"జడ్జిగారూ, మాట్లాడొద్దన్నారు, బండెక్కొద్దన్నారు, ఆఖరికి వాగు కూడా చూడొద్దన్నారు. తిండి పంపొద్దని ఒక్క ముక్క చెప్పుంటే పోయేదిగా?"

"ఊపిరి తీసుకోవద్దని చెప్పానా? చెప్పలేదు. తిండీ అంతే, నాకు తోచనే లేదు," అంది ఓపల్. గొంతులో కోపం, అదీ తన మీదే. "నేను కొండదాన్ని నెడ్రా. బయటినించొచ్చిన జడ్జి అయితే చెప్పుండేవాడేమో. నేను మా వాళ్ళు నమ్మదగినవాళ్ళని రుజువు చేద్దామని కూర్చుని, మా అలవాటే మర్చిపోయాను."

"మరిప్పుడు?"

"ఇప్పుడు అడుగుతాను. అందరి ముందే."

ఆరుగురినీ ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నించింది. నలుగురు ఏమీ పంపలేదన్నారు. వాళ్ళలో ఒకావిడ, పంపనందుకు రెండ్రోజులుగా నిద్ర లేదని కూడా చెప్పింది. ఐదో మనిషి చెక్కపని చేసే ముసలాయన. నీళ్ళు నమిలాడు.

"నేను పంపలేదమ్మా. నా పెళ్ళాం పంది హామ్ తీసుకెళ్ళింది. నేను బండిలోనే కూర్చున్నా. అసలు నేనక్కడ లేనట్టే లెక్క, కళ్ళు కూడా మూసుకున్నా."

గదిలో నవ్వులు. క్రేన్ కూడా నవ్వాడు, గెలిచినవాడి నవ్వు. ఆఖరున జ్యువెల్ నోబుల్ వచ్చింది. ఆదివారం చర్చికి వేసుకునే నీలం గౌను, చేతిలో నలిగిన రుమాలు. ఓపల్ ప్రమాణం చేయించింది.

"మిసెస్ నోబుల్, డీటన్ గారింటికి తిండి తీసుకెళ్ళారా?"

"తీసుకెళ్ళానమ్మా. బీన్సూ, మొక్కజొన్న రొట్టే."

"అక్కడ ఎవరితోనైనా ఏమైనా మాట్లాడారా?"

"మాటా?" జ్యువెల్ కళ్ళు చెమ్మగిల్లాయి. "మాట్లాడొద్దని మీరే గదా చెప్పారు జడ్జిగారూ. అందుకే ఎనక గుమ్మం మెట్ల మీద పెట్టేసి, తలుపు కూడా కొట్టకుండా దొంగలా వచ్చేశాను. చావింటికెళ్ళి లోపలికి పోకుండా రావడం నా జన్మలో ఇదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్ళు నా గురించేమనుకున్నారో."

ఓపల్ కుర్చీ ముందుకు జరుపుకుంది. అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

"సాక్ష్యమంతా విన్నాక కంపెనీదే న్యాయమని మీకనిపిస్తే, ఎల్బర్ట్ పిల్లల మొహం చూస్తూ ఆ మాట చెప్పగలరా?"

"చెప్తాను తల్లీ. బీన్స్ ఇచ్చింది వాళ్ళకి ఆకలేస్తదని. నా మాటిచ్చింది మీకు, ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు. రెండూ ఒకటెలా అవుతాయి?"

క్రేన్ లేచాడు. "యువర్ ఆనర్, చాలా హృద్యంగా ఉంది. కానీ ఈ సానుభూతి ఒక పక్షానికే వెళ్ళిందన్నది నిజం."

"ఒక పక్షానికే కాదు."

ఆ మాట క్రేన్ బల్ల దగ్గర నుంచే వచ్చింది. కంపెనీ ప్రతినిధిగా విచారణ మొదలైన రోజు నుంచి అక్కడ నోరు మెదపకుండా కూర్చున్న గని సూపరింటెండెంటు డార్విన్ టాకెట్ లేచి నిలబడ్డాడు. క్రేన్ అతని కోటు అంచు పట్టుకుని లాగాడు. టాకెట్ కూర్చోలేదు.

"టాకెట్ గారూ, ముందు మీ లాయరు మాట వినండి," అంది ఓపల్.

"పొద్దున్నించీ వింటూనే ఉన్నానమ్మా. ఇంక వినలేను."

క్రేన్ అభ్యంతరం చెప్పాడు. సాక్షిని కోర్టే స్వయంగా పిలవొచ్చని ఓపల్ చెప్పి, టాకెట్‌ను సాక్షి కుర్చీలో కూర్చోబెట్టి ప్రమాణం చేయించింది. అతను పెద్ద మనిషి, చేతులు కూడా పెద్దవి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"కట్ట తెగిన వారానికే మా అమ్మ పోయింది," అన్నాడు. "అప్పుడు ఊళ్ళో ఒక్కరు కూడా నా మొహం చూళ్ళేదు. తప్పు పట్టను, నేనైనా చూసేవాణ్ణి కాదు. మా చర్చిలోనే నా పక్క బెంచీ ఖాళీగా ఉండేది. అమ్మ శవం హాల్లో ఉంది, నా పిల్లలకి తిండి లేదు, నా పెళ్ళాం ఏడుస్తోంది. తలుపు చప్పుడైంది. చూస్తే జ్యువెల్. ఈ ఫోటోలో ఉన్న ఇదే గిన్నె. ఆవిడ వాళ్ళ అన్న ఇల్లు నా కట్ట కిందే మునిగిపోయింది. అయినా తెచ్చింది. లోపలికొచ్చి, అమ్మ పక్కన కూర్చుంది. ఆ గిన్నె నేనే కడిగి తిరిగిచ్చాను."

క్రేన్ చిరునవ్వు మొదటిసారి చెదిరింది. తన అన్న ఇల్లు మునిగిన సంగతీ, అతను కేసులో చేరని సంగతీ జ్యువెల్ జ్యూరీ ఎంపికప్పుడే అందరికీ చెప్పింది. ఆమె చాలా సూటిగా జవాబులిచ్చిందని క్రేనే ఆరోజు ఆమెను ఉంచుకున్నాడు. ఇప్పుడు ఆ మాట తిరగేయడానికి లేదు.

ఓపల్ అక్కడే, అందరూ వింటుండగా, నిర్ణయం చెప్పింది.

"ఇక్కడ తప్పు జరిగింది. అది జ్యూరర్లది కాదు, నాది. చావింటికి తిండి పంపొద్దని నేను చెప్పాల్సింది, చెప్పలేదు. చెప్పిన ప్రతి మాటా మిసెస్ నోబుల్ పాటించింది, తన సిగ్గు కూడా మింగి పాటించింది. సానుభూతి పక్షపాతం కాదు. పక్షపాతం ఉన్న మనిషి తన అన్న ఇంటిని ముంచిన వాడి అమ్మ కోసం బీన్స్ వండదు. విచారణ రద్దు చెయ్యను. జ్యూరీని పిలవండి."

రోనీ ప్రాటర్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు. అతన్ని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

తీర్పు వచ్చిన రోజు మెట్లు మళ్ళీ నిండిపోయాయి. కట్ట విషయంలోనూ, బావుల విషయంలోనూ తప్పు కంపెనీదేనని ఆరుగురూ ఏకగ్రీవంగా చెప్పారు. లోయ దారి కోసుకుపోవడం మాత్రం కంపెనీ తప్పు కాదనీ, అది అంతకుముందే వానలకు పాడైందనీ కూడా వాళ్ళే చెప్పారు. దారి గురించి లోయవాళ్ళు గట్టిగా వాదించారు, ఓడిపోయారు. మిగతాది గెలిచారు. బురద పట్టిన ఇళ్ళకు బదులు కొత్త ఇళ్ళు, మంచినీళ్ళ గొట్టాలు. ఎల్బర్ట్ పెద్దకూతురు జ్యూరీ వైపు చూసి తల వంచింది. దారి పోయినందుకు ఆమె మొహంలో చిన్న కినుక కూడా లేదు.

కంపెనీ అప్పీలుకు వెళ్ళింది, ఆ గిన్నెనే పట్టుకుని. ఓపల్ ఏడాదిపాటు గోళ్ళు కొరుక్కుంది. బయటికి ఏమీ తెలియనివ్వలేదు గానీ నెడ్రాకు తెలుసు. సిన్సినాటిలోని అప్పీలు కోర్టు జడ్జీలు ముగ్గురు తీర్పు ఖాయం చేశారు. దుఃఖంలో ఉన్న ఇంటికి తిండి పంపడం పక్షపాతానికి రుజువు కాదనీ, ఆ మనుషుల ఎదుట కూర్చుని వాళ్ళ మాట విన్న జడ్జి అంచనాను కాదనడానికి తమకు కారణం కనబడలేదనీ రాశారు. కబురు రాగానే రోనీ పోస్టాఫీసు పైకి పరుగెత్తి, కిటికీ తెరిచి వీధిలోకి గట్టిగా అరిచాడు. కార్లు హారన్లు మోగించాయి. బార్బరు సబ్బు నురగ మొహాలతో ఉన్న వాళ్ళను వదిలేసి బయటికొచ్చాడు. ఓపల్ తన గదిలో తలుపు వేసుకుని కాసేపు నవ్వింది, కాసేపు ఏడ్చింది. నాన్న ఉంటే బాగుండేదనుకుంది.

టాకెట్ ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళు కష్టపడ్డాడు, తర్వాత లోయలో మంచినీళ్ళ గొట్టాలు వేసే పనికి పర్యవేక్షకుడయ్యాడు. లోయవాళ్ళే అతన్ని పెట్టుకోమని అడిగారు.

ఆ తర్వాత బొగ్గు కేసులు, మందుల కేసులు, ప్రభుత్వం మీద కేసులు ఆ మెట్లెక్కుతూనే ఉన్నాయి. ఓపల్ జ్యూరీకి చెప్పే పాఠంలో తిండి సంగతి మొదటి వాక్యమైంది. కొత్త లాయర్లు అది విని అయోమయంగా చూస్తారు, జ్యూరర్లు తమలో తాము నవ్వుకుంటారు. ఆమెకు పూర్తి జీతంతో విశ్రాంతి తీసుకునే వయసు వచ్చింది. కేసులు సగానికి తగ్గించుకుందే గానీ కుర్చీ వదల్లేదు. తీర్పులు కొన్ని పైకోర్టులో కొట్టేశారు. అలాంటప్పుడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు. మూడో రోజు, "వాళ్ళే కరెక్టు," అని కాఫీ అడిగేది.

ఇటీవల ఒక పొద్దున ఆమె ముందుకు కొత్త కేసు వచ్చింది. లెక్సింగ్టన్‌లో వేసిన కేసు, అక్కడి రవాణా కంపెనీ మీద. రెండు పక్షాలూ ఒప్పుకుని విచారణను హాజెల్ ఫోర్క్‌కు మార్పించుకున్నాయి. అలా అడిగింది కంపెనీ లాయరు. తలుపు తెరుచుకుని, మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతూ విట్‌ఫీల్డ్ క్రేన్ లోపలికొచ్చాడు. వెండి జుట్టు పలచబడింది, చేతిలో కర్ర.

ఓపల్ కళ్ళజోడు సర్దుకుని అతన్ని చాలాసేపు చూసింది.

"క్రేన్ గారూ, ఒకప్పుడు ఇక్కణ్ణించి కేసు ఎత్తుకుపోడానికి రెండు అర్జీలు పెట్టారు. ఇప్పుడు మీరే నగరం నించి ఇక్కడికి మోసుకొచ్చారు. కోర్టుకి కారణం తెలుసుకోవాలనుంది."

క్రేన్ కర్ర బల్లకు ఆనించాడు.

"వాది ముగ్గురు పసిపిల్లల తల్లి, యువర్ ఆనర్. మొగుడు మా లారీ కింద పడి పోయాడు. తప్పు మాది కాదని నా నమ్మకం. లెక్సింగ్టన్‌లో అయితే జ్యూరీ ఆ పిల్లల్ని చూసి నా మాట వినడం ఆపేస్తుంది." జ్యూరీ కుర్చీల వైపు తిరిగాడు. "మీ జ్యూరీ అలా కాదు. ఆ పిల్లల కోసం గుండె కరిగినా నా మాట కడదాకా వింటుంది. న్యాయంగా వినే మనుషులు కావాలనే ఇక్కడికొచ్చాను."

ఓపల్, కోర్టులో ప్రతి మాటా రాసుకునే రిపోర్టరు వైపు తిరిగింది.

"అంతా ఎక్కిందా?"

"ఎక్కింది జడ్జిగారూ."

"అయినా సరే," అంది ఓపల్, నవ్వు దాచుకోకుండా. "నాకు వయసైంది, చెవులు సరిగ్గా వినబడవు. ఆ చివరి ముక్క మళ్ళీ ఒకసారి చెప్పండి క్రేన్ గారూ. ఈసారి గట్టిగా, కింద ఉత్తరాల కోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా."

క్రేన్ ఆమె వంక చూశాడు. తర్వాత అతనూ నవ్వి, గొంతు పెంచి, మొత్తం మళ్ళీ చెప్పాడు.